బండెక్కే కోడికి రోజుల లెక్క: మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. కోళ్ళు, గుడ్లు, పిల్లలు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి పంపేటప్పుడు అడిగే కాగితాలు, టెస్టులు, దారిలో ఆపేయడాలు, ఇవే. అందుకే మేత గురించి, లైటింగ్ గురించి వచ్చిన ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నా. ఏ ఫారం నింపాలి, ఎక్కడ స్టాంపు వేయించాలి అన్నది చోటుని బట్టి మారుతుంది, అది మీ పశువైద్యాధికారినే అడగాలి. కానీ ఆ రూల్స్ వెనకున్న రోగాలూ, రోజుల లెక్కలూ ఎక్కడైనా ఒకటే, నేను చెప్పేది వాటి గురించి.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాది లేయర్ ఫారం. పక్క ప్రాంతంలో ఒకాయనకి 16 వారాల పెట్టలు అమ్మాను. కోళ్ళు నిక్షేపంగా ఉన్నాయి, మేత బాగా తింటున్నాయి, ఒక్కటి కూడా చావలేదు. అయినా హెల్త్ సర్టిఫికెట్ లేదని చెక్‌పోస్టులో బండి వెనక్కి పంపేశారు. కళ్ళెదుట ఆరోగ్యంగా కనపడుతుంటే మళ్ళీ కాగితం ఎందుకండీ?

జవాబు: మీ కోపం నాకర్థమైందండీ, లోడింగ్ కూలీ పోయి, డీజిల్ పోయి, పెట్టలు ఎండలో రెండుసార్లు తిరిగి, అదంతా నష్టమే. కానీ మీ ఉత్తరంలో "కనపడుతుంటే" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. రోగం లోపలికి వెళ్ళిన రోజుకీ కోడి మీద కనపడే రోజుకీ మధ్య కొంత గ్యాప్ ఉంటుంది, ఆ గ్యాప్‌లో కోడి తింటుంది, తాగుతుంది, గుడ్డు పెడుతుంది, పక్కవాటికి రోగం అంటిస్తూ కూడా ఉంటుంది. పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అని ఉంది, 1924లో పెట్టారు, దేశాల మధ్య పశువులూ కోళ్ళూ తిరగడానికి అందరూ చూసుకునే కోడ్, అంటే రూల్స్ పుస్తకం, వాళ్ళదే. ఆ కోడ్ ఈ గ్యాప్‌ని బర్డ్ ఫ్లూకి మంద మొత్తం మీద 14 రోజులుగా లెక్క కడుతుంది, కొక్కెర తెగులుకి 21 రోజులు. అంటే ఇవాళ మీ పెట్టలు చక్కగా ఉన్నాయంటే రెండు మూడు వారాల కిందట వాటికి ఏమీ తగల్లేదని అర్థం, నిన్న తగిలిందో లేదో ఇవాళ చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

సర్టిఫికెట్ అంటే డాక్టర్ వచ్చి కోళ్ళని చూసి సంతకం పెట్టడం అని చాలామంది అనుకుంటారు. అది సగమే. మిగతా సగం ఆ ఫారం చరిత్ర: పోయిన ఇన్ని రోజుల్లో చావులెన్ని, కొత్త కోళ్ళు ఏమైనా దించారా, చుట్టుపక్కల రోగం ఉన్నట్టు రిపోర్ట్ ఉందా, ఏ టీకా ఏ తేదీన వేశారు, ఏ షెడ్డు కోళ్ళు, ఎన్ని, ఎక్కడికి వెళ్తున్నాయి, ఇవన్నీ. కంటికి కనపడని ఆ రెండు వారాల సంగతి చెప్పేది ఈ చరిత్రే. అందుకే రోజూ చావుల లెక్క, మేత లెక్క, నీళ్ళ లెక్క రాసుకునే రైతుకి సర్టిఫికెట్ గంటలో వస్తుంది, రాసుకోని వాళ్ళకి డాక్టర్ సంతకం పెట్టడానికి వెనకాడతాడు, అందులో తప్పు లేదు. కాగితం కొద్ది రోజులే చెల్లుతుందని పెట్టడానికి కారణం కూడా ఇదే, పది రోజుల కిందటి కాగితం ఆ పది రోజుల గురించి ఏమీ చెప్పదు కదా.

కొక్కెర తెగులుని ఇంగ్లీషువాళ్ళు న్యూకాజిల్ డిసీజ్ అంటారు, 1926లో ఇంగ్లండ్‌లో ఆ ఊరి దగ్గర బయటపడింది, అదే ఏడాది జావాలోనూ కనపడింది. రేవు ఊరు కాబట్టి తూర్పు నుంచి ఓడలో వచ్చిన సరుకుతో పాటు దిగి ఉంటుందని అనుమానం. బండి ఎక్కి వచ్చే రోగాల సంగతి అప్పటినుంచీ ఉన్నదే, ఇప్పుడు బండ్లు ఎక్కువయ్యాయి, వేగం పెరిగింది, అంతే తేడా.

ప్రశ్న: సర్, నేను చిన్న హ్యాచరీ నడుపుతున్నా. వేరే ప్రాంతం నుంచి పొదిగే గుడ్లు తెప్పిద్దామంటే తల్లికోళ్ళ బ్లడ్ టెస్ట్ రిపోర్టు, మైకోప్లాస్మా రిపోర్టు అని నాలుగు కాగితాలు అడుగుతున్నారు, అదే దారిలో తినే గుడ్ల లారీలు మాత్రం ఒక్క బిల్లుతో వెళ్ళిపోతున్నాయి. గుడ్డు గుడ్డే కదా, ఈ తేడా ఏంటి సర్?

జవాబు: తమ్ముడూ, తినే గుడ్డు పొయ్యి మీదకి వెళ్తుంది, నీ గుడ్డు ఇంక్యుబేటర్‌లోకి వెళ్తుంది. ఒకదాంట్లో ఉన్న క్రిమి వేడికి చస్తుంది, ఇంకోదాంట్లో ఉన్న క్రిమికి 21 రోజులు వెచ్చగా, తేమగా, రాజభోగం. ఇదొక్కటి తలకెక్కితే రూల్ మొత్తం అర్థమవుతుంది.

కొన్ని రోగాలు తల్లి నుంచి గుడ్డు లోపలికే వెళ్తాయి, పెంకు మీద కాదు, లోపలికి. పుల్లోరం, అదే తెల్లపారుడు, ఇందులో ముఖ్యమైంది. తల్లికోడి చిన్నప్పుడెప్పుడో రోగం వచ్చి తట్టుకుని బతికి ఉంటుంది, చూడ్డానికి మామూలుగా ఉంటుంది, గుడ్లు పెడుతూనే ఉంటుంది, క్రిమి దాని అండాశయంలో కూర్చుని ఉంటుంది. ఆ గుడ్డు పొదిగితే కొన్ని లోపలే చస్తాయి, కొన్ని బయటికి వస్తాయి, ఆ వచ్చిన పిల్ల ఒంటి మీది నూగుతో క్రిమి హ్యాచర్ మొత్తం ఎగురుతుంది, పక్క ట్రేలో వేరే ఫారం గుడ్ల నుంచి వచ్చిన మంచి పిల్లలకీ అంటుకుంటుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో పిల్లలు రెక్కలు వేలాడేసి, ఒకదానికొకటి ఒత్తుకుని, వెనక తెల్లగా సున్నంలా అంటుకుని చచ్చిపోతుంటాయి. ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే మర్చిపోలేరు. నేను చూసిన ఒక బ్యాచ్‌లో పిల్లల్ని కొన్న రైతు బ్రూడర్ వేడి చాలట్లేదేమో అని బల్బుల మీద బల్బులు పెంచుకుంటూ పోయాడు, రోగం హ్యాచరీలోనే మొదలైందని పాపం ఆయనకి తెలియదు.

దీనికి టెస్ట్ ఎంత తేలికో చెప్తా విను. తల్లికోడి రెక్క కింద నరం నుంచి ఒక్క చుక్క రక్తం, తెల్ల పలక మీద వేసి దాని పక్కన ఒక చుక్క రంగు యాంటిజెన్ (చంపిన ఆ క్రిములే ఉన్న రంగు ద్రవం), రెండూ కలిపి పలకని అటూ ఇటూ వంచుతారు, రెండు నిమిషాల్లోపే చుక్క విరిగి రవ్వ రవ్వగా గడ్డలు కడితే ఆ కోడి అనుమానం. అంతే టెస్టు. అమెరికాలో 1935లో నేషనల్ పౌల్ట్రీ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ అని పెట్టింది ముఖ్యంగా ఈ తెల్లపారుడు పని పట్టడానికే, టెస్ట్ చేయడం, అనుమానం ఉన్న కోళ్ళని మంద నుంచి తీసేయడం, శుభ్రమైన మంద గుడ్లే బయటికి పంపడం, ఇలా ఏళ్ళ తరబడి చేస్తే అక్కడ పెద్ద ఫారాల్లో ఈ రోగం దాదాపు పోయింది. మైకోప్లాస్మా గల్లిసెప్టికం కూడా గుడ్డులోంచే వెళ్తుంది, అది చంపడం తక్కువ, పీడించడం ఎక్కువ, గురక, ముక్కు కారడం, బరువు పెరక్కపోవడం, జీవితాంతం మందులు. నిన్ను అడిగిన రిపోర్టులు నీ హ్యాచరీని కాపాడేవి, నువ్వే అడిగి తీసుకోవాల్సినవి.

బర్డ్ ఫ్లూ సంగతి వేరు. రోగం తగిలిన పెట్ట చనిపోయే ముందు పెట్టిన గుడ్డులో పెంకు మీదా, లోపలా వైరస్ ఉండొచ్చు, లోపల పిండం ఎక్కువగా చచ్చిపోతుంది కాబట్టి పిల్లగా రావడం అరుదు, కానీ ఆ గుడ్డు నీ మెషిన్‌లో పగిలిందనుకో, ఇక చెప్పేదేముంది. తినే గుడ్లకి కూడా రోగం ఉన్న చోటి నుంచి అయితే ఊరికే వదలరు, ద్రవంగా మార్చి వేడి చేసే ఫ్యాక్టరీకి పంపమంటారు, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కోడ్ ప్రకారం మొత్తం గుడ్డు ద్రవాన్ని 60 డిగ్రీల దగ్గర 188 సెకన్లు ఉంచితే బర్డ్ ఫ్లూ వైరస్ చస్తుంది.

ఇంకో మాట, గుడ్లు దిగిన వెంటనే మెషిన్‌లో పెట్టేయకు. దారిలో కుదుపులకి గాలిగది వదులై ఉంటుంది, సన్న కొస కిందకి పెట్టి 12 నుంచి 24 గంటలు 15–18 డిగ్రీల గదిలో ఊరుకోనివ్వు. చల్లటి బండిలోంచి ఒక్కసారిగా ఉక్కపోతలోకి తీస్తే గుడ్డుకి చెమట పడుతుంది, పెంకు మీద సన్న తడి, దాంతో పాటు పైనున్న మురికి వేలకొద్దీ సన్న రంధ్రాల్లోంచి లోపలికి జారుతుంది. గుడ్డుకి చెమట పట్టినప్పుడు తుడవకు, పొగ పెట్టకు, ఆరనివ్వు.

ప్రశ్న: మా కోళ్ళకి టీకాలన్నీ టైముకి వేయించాం, కార్డు కూడా ఉంది. అయినా టెస్ట్ ఎందుకు?

జవాబు: టీకా కోడిని కాపాడుతుంది, కానీ వైరస్ ఒంట్లోకి రాకుండా ప్రతిసారీ అడ్డుకోలేదు. కొక్కెర తెగులు టీకా వేసిన కోడి పడిపోకుండా నిలబడి ఉంటూనే వైరస్‌ని రెట్టలో వదులుతూ ఉండొచ్చు, అది కొనేవాడికి ఇంకా ఇబ్బంది, ఎందుకంటే చావులు కనపడవు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బర్డ్ ఫ్లూ టీకా విషయంలో ఇదే పెద్ద రగడ. 2023 అక్టోబర్‌లో ఫ్రాన్స్ బాతులకి టీకా మొదలుపెట్టగానే అమెరికా అక్కడి కోళ్ళ సరుకు మీద ఆంక్షలు పెట్టింది, టీకా చాటున వైరస్ తిరుగుతుందేమో అన్న భయంతో. టీకా కార్డు తప్పకుండా బండిలో పెట్టండి, కానీ అది టెస్ట్ రిపోర్టు కాదు.

ప్రశ్న: అయ్యా, మా ఫారానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఎవరిదో ఫారంలో బర్డ్ ఫ్లూ అని తేలింది. మా కోళ్ళకి ఏమీ లేదు, శాంపిల్స్ కూడా బాగానే వచ్చాయి. అయినా గుడ్లు కదలనివ్వట్లేదు, గోడౌన్ నిండిపోయింది. చెయ్యని తప్పుకి మాకెందుకు శిక్ష? ఎన్నాళ్ళిలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మీరు చేసిన తప్పేమీ లేదు, ఈ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే ఇలాంటప్పుడు చుట్టుపక్కల వాళ్ళు రైతునే దొంగని చూసినట్టు చూస్తారు, అది చాలా అన్యాయం.

రోగం తేలిన ఫారం చుట్టూ గుండ్రంగా గీత గీస్తారు. ఎంత దూరం అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, యూరోపియన్ యూనియన్‌లో లోపలి గీత 3 కిలోమీటర్లు, బయటి గీత 10. లోపలి దాంట్లో అన్నీ ఆగిపోతాయి, బయటి దాంట్లో నిఘా పెట్టి పర్మిషన్ మీద కొన్ని వదులుతారు. ఈ గీత రోగాన్ని పట్టుకోవడానికి కాదు, రోగం ఇప్పటికే ఎక్కడెక్కడికి వెళ్ళిందో తెలిసేదాకా ఎవరినీ కదలనివ్వకుండా టైము సంపాదించడానికి. ఆ ఫారానికి వెళ్ళిన మేత లారీ మీ ఫారానికీ వచ్చిందా, గుడ్ల ట్రేలు కలిశాయా, టీకాలు వేసే కుర్రాళ్ళు ఒక్కరేనా, ఇవి తేలడానికి రోజులు పడుతుంది. మీ శాంపిల్స్ ఇవాళ బాగా వచ్చాయి, చాలా సంతోషం, కానీ ఆ ఫారం నుంచి మొన్న మీ దగ్గరికి ఏమైనా వచ్చి ఉంటే అది తేలడానికి ఇంకా కొన్ని రోజులు పట్టొచ్చు. మళ్ళీ అదే 14 రోజుల లెక్క. అందుకే రెండోసారి, మూడోసారి శాంపిల్స్ తీస్తారు, విసుక్కోకుండా తీయనివ్వండి, మీకు పర్మిషన్ తెచ్చిపెట్టేవి అవే.

ఎన్నాళ్ళు అంటే, ఒక దేశం గానీ ప్రాంతం గానీ మళ్ళీ బర్డ్ ఫ్లూ లేదు అని చెప్పుకోవాలంటే రోగం ఉన్న కోళ్ళన్నిటినీ తీసేసి ఫారం కడిగి మందు కొట్టడం పూర్తయ్యాక కనీసం 28 రోజులు ఆగాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కోడ్ అంటుంది, అంటే 14 రెండుసార్లు. ఇంతకుముందు ఇది మూడు నెలలు ఉండేది, తగ్గించారు. రోగం తేలిన రోజు నుంచి కాదు, కడగడం పూర్తయిన రోజు నుంచి లెక్క, ఇది చాలామందికి తెలియక ఎదురుచూసి ఎదురుచూసి మండిపడతారు. మీ చుట్టూ గీసిన గీత ఎప్పుడు ఎత్తేస్తారన్నది మీ దగ్గరి రూల్ చెప్తుంది, ఆ తేదీ నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి. ఈలోగా గుడ్లు మూసిన బండిలో నేరుగా ఒకే చోటికి, మధ్యలో ఎక్కడా ఆగకుండా పంపే పర్మిషన్ చాలా చోట్ల ఇస్తారు, దానికి అప్లై చేశారా లేదా మీరు రాయలేదు, చేయకపోతే ఇవాళే చేయండి.

ముందుముందు మీకు పనికొచ్చే సంగతి కంపార్ట్‌మెంట్ అనే పద్ధతి. గీత భూమి మీద కాకుండా మీ ఫారం పద్ధతి చుట్టూ గీస్తారు, అంటే మేత, నీళ్ళు, మనుషులు, బండ్లు అన్నీ బయటి ప్రపంచం నుంచి విడిగా నడుస్తున్నాయని రికార్డులతో ముందే చూపించి, ప్రభుత్వం దగ్గర గుర్తింపు తెచ్చుకున్న ఫారాలకి పక్కన రోగం వచ్చినా సరుకు కదిలే అవకాశం ఉంటుంది. రోగం వచ్చాక పెట్టుకునే అప్లికేషన్ కాదిది, ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే మొదలుపెట్టాలి.

ప్రశ్న: నేను కోళ్ళ బండి డ్రైవర్‌ని సార్. ప్రతి ట్రిప్పుకీ బండి కడిగి మందు కొట్టించి స్లిప్పు తెమ్మంటున్నారు. నీళ్ళు కొట్టి మందు చల్లుతున్నా, అయినా పోయినసారి ఫారం గేటు దగ్గర మళ్ళీ కడగమన్నారు. ఎలా కడగాలో ఎవరూ చెప్పరు, తిట్టడమే.

జవాబు: ఈ నెల వచ్చిన వాటిల్లో నాకు బాగా నచ్చిన ఉత్తరం నీదే తమ్ముడూ, ఎందుకంటే అందరూ కోడిని చూస్తారు, కాగితాన్ని చూస్తారు, బండిని ఎవరూ సరిగ్గా చూడరు, రోగం మాత్రం ఎక్కువగా బండితోనే తిరుగుతుంది.

అసలు పొరపాటు ఎక్కడంటే, మందు మురికి మీద పనిచేయదు. ఎండిన రెట్ట మీద మందు చల్లితే పైపొర తడుస్తుంది, కింద వైరస్ హాయిగా ఉంటుంది, పైగా క్లోరిన్ లాంటి మందుల బలమంతా ఆ రెట్టే తినేస్తుంది. అందుకని ముందు పొడిగా గీకి ఊడ్చేయాలి, ఈకలు, రెట్ట, గడ్డి, పగిలిన గుడ్డు, అన్నీ. తర్వాత సబ్బు నీళ్ళు, ఇది తేలిగ్గా తీసుకోకు, బర్డ్ ఫ్లూ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరని చీల్చేస్తుంది, సగం పని సబ్బుతోనే అవుతుంది. పై నుంచి కిందకి తోమి, మంచినీళ్ళతో కడిగి, నీళ్ళు కారిపోయేదాకా ఆగి, అప్పుడు మందు. తడి మీదే కొడితే మందు పలచబడిపోతుంది. మందు డబ్బా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలో రాసి ఉంటుంది, అన్ని నిమిషాలూ ఉంచాలి, చలికాలం ఇంకొంచెం ఎక్కువే ఉంచు, చలిలో మందులు మందంగా పనిచేస్తాయి. ఆ తర్వాత ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి, వైరస్‌కి తడీ చల్లదనం ఇష్టం, ఎండా పొడీ గిట్టవు.

నిన్ను గేటు దగ్గర మళ్ళీ ఎందుకు కడగమన్నారో నాకు తెలుసు, నేనూ అలాగే చూస్తాను. బండి ఆగగానే వంగి వెనక చక్రం పైన లోపలి డొప్పలో చెయ్యి పెడతా. బాడీ తళతళలాడుతుంటుంది, ఆ డొప్పలో మాత్రం బురదా రెట్టా కలిసి అరచెయ్యంత మందాన పెచ్చు కట్టి ఉంటుంది, వేలితో గీకితే ఊడొస్తుంది, దాని మధ్యలో ఈక ముక్కలు. ఆ తర్వాత క్యాబిన్ తలుపు తీసి కాళ్ళ కింద మ్యాట్ ఎత్తి చూస్తా. ఫారంలో దిగి తిరిగిన చెప్పులతోనే బ్రేకూ క్లచ్చూ తొక్కి ఉంటారు కదా, బండి బయట ఎంత కడిగినా ఆ మ్యాట్ మీద పోయిన ఫారం అలాగే ఉంటుంది. నీ చెప్పులు, మ్యాట్, పెడళ్ళు, స్టీరింగు, సీటు కింద పెట్టుకునే తాడు, గోనెపట్టా, ఇవి కూడా బండే. ఫారాల్లో దిగాల్సొస్తే వాళ్ళ బూట్లు అడిగి వేసుకో, ఇవ్వకపోతే క్యాబిన్‌లోంచి దిగకు, లోడింగ్ వాళ్ళే చేసుకుంటారు. క్రేట్లు ప్లాస్టిక్‌వైతే మేలు, చెక్క, వెదురు సందుల్లో దిగిన మురికి పోదు.

ఒకే రోజు రెండు మూడు ఫారాలు తిరగాల్సి వస్తే చిన్న పిల్లలున్న చోటికి ముందు, ముసలి కోళ్ళున్న చోటికి చివర, కోత కోళ్ళ లోడు అన్నిటికంటే ఆఖర. అనుమానం ఉన్న ఫారం అయితే ఆ రోజుకి అదొక్కటే.

ప్రశ్న: వాడిన అట్ట ట్రేలు మందు కొట్టి మళ్ళీ వాడొచ్చా?

జవాబు: వద్దమ్మా. అట్ట తడిని పీల్చుకుంటుంది, మందు లోపలిదాకా పట్టదు, కడిగితే చివికిపోతుంది. అట్ట ట్రే వెళ్ళడమే గానీ తిరిగి రాకూడదు. తిరిగి రావాలంటే ప్లాస్టిక్ ట్రే, అదీ ఫారానికొక రంగు పెట్టుకుంటే ఎవరిది ఎక్కడ కలిసిందో ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, ఒకరోజు పిల్లల్ని దూరం పంపేటప్పుడు 72 గంటలు అని ఒక లెక్క చెప్తారు. అంటే మూడు రోజులు మేతా నీళ్ళూ లేకుండా పంపొచ్చనేనా? పోయిన నెల చెక్‌పోస్టులో కాగితాల కోసం నాలుగు గంటలు ఆపితే రెండు పెట్టెల పిల్లలు పోయాయి.

జవాబు: పిల్ల పొట్టలో పచ్చసొన సంచి మిగిలి ఉంటుంది, పుట్టే ముందు దాన్ని లోపలికి లాక్కుంటుంది, తల్లి కట్టిచ్చిన సద్దిమూట లాంటిది. దాని బలంతో కొంతకాలం తినకుండా ఉండగలదు, అందుకే పుట్టి 72 గంటల లోపు పిల్లని ఒకరోజు పిల్ల అని లెక్కేస్తారు. కానీ ఆ 72 గంటలు ఎప్పుడు మొదలవుతాయో చూడండి, బండి ఎక్కినప్పుడు కాదు, పెంకు పగిలినప్పుడు. ముందు పుట్టిన పిల్ల హ్యాచర్‌లోనే ఒక రోజు దాకా గడిపి ఉంటుంది, ఏరడం, టీకా, ప్యాకింగ్ అని ఇంకొన్ని గంటలు. మీ చేతిలో మిగిలేది అందులో సగం అనుకుంటే మంచిది. 72 అనేది హద్దు, లక్ష్యంగా పెట్టుకోవద్దు.

మీ పిల్లలు పోయింది ఆకలికి కాదండీ, ఉడికిపోయి. నాలుగు అరల పెట్టెలో 100 పిల్లలంటే అవే ఒక పొయ్యి. బండి కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది, ఆగిన మరుక్షణం పెట్టె లోపల వేడి పెరుగుతుంది, 30–32 ఉండాల్సింది చూస్తుండగానే దాటిపోతుంది. పిల్ల నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు, గుంపుగా ముద్ద కట్టి గట్టిగా అరుస్తుంటే చలి, పరుచుకుని నెమ్మదిగా కిచకిచ అంటుంటే బాగున్నట్టు. డ్రైవర్‌కి ఈ మూడూ నేర్పండి, థర్మామీటర్ కంటే ముందు చెవి చెప్తుంది. పెట్టెల వరసల మధ్య గాలి సందు వదలండి, రంధ్రాలు ఒకదాన్నొకటి మూసుకోకుండా పేర్చండి. బండి ఆపాల్సొస్తే ముందు నీడ, తర్వాత తలుపులు.

కాగితాల సంగతికొస్తే, పిల్లలు తేలే తేదీ మీకు 21 రోజుల ముందే తెలుసు. గుడ్లు మెషిన్‌లో పెట్టిన రోజే అవతలి ప్రాంతం పర్మిషన్‌కి అప్లై చేయొచ్చు, తల్లికోళ్ళ రిపోర్టులు రెడీగా పెట్టొచ్చు, చివరి రోజు సంతకం ఒక్కటే మిగలాలి. ఒరిజినల్ బండిలో ఉండాలి, ఒక కాపీ మీ దగ్గర, ఒక కాపీ కొన్నవాళ్ళ దగ్గర. పెట్టెల సంఖ్య, పిల్లల సంఖ్య కాగితంలో ఉన్నదీ బండిలో ఉన్నదీ ఒకటే ఉండాలి, నాలుగు గంటలు ఆపేది చాలాసార్లు ఈ అంకె తేడాకే. చెక్‌పోస్టుల్లో పనిచేసే వాళ్ళకి కూడా ఈ పేజీ ద్వారా ఒక మాట, ఒకరోజు పిల్లల బండి ఉంటే దయచేసి వరసలో ముందుకి పిలవండి, మిగతా బండ్లు ఆగగలవు, అవి ఆగలేవు.

ప్రశ్న: మా అక్క వాళ్ళది వేరే ప్రాంతం, వాళ్ళ పెరట్లో పెంచుకోడానికి నాలుగు పెట్టలు, ఒక పుంజు సంచిలో పెట్టి బస్సులో తీసుకెళ్దామనుకుంటున్నా. నాలుగు కోళ్ళకి కూడా రూల్సేనా డాక్టర్ గారూ?

జవాబు: చాలా చోట్ల అవునమ్మా, నాలుగైనా నాలుగు వేలైనా సరిహద్దు దాటితే కాగితం అడుగుతారు, కొన్ని చోట్ల ఇంటి పెంపకానికి కొన్ని సడలింపులు ఉంటాయి, ముందు అడిగి తెలుసుకో. ఈమధ్య చుట్టుపక్కల ఎక్కడైనా కోళ్ళు ఊరికే చచ్చిపోతున్నాయని వింటే మాత్రం ఈ ప్రయాణం మానెయ్, అక్క ఏమీ అనుకోదు. సంచి వద్దు, గాలాడదు, కింద ఏదైనా పరిచిన చిల్లుల బుట్టో, క్రేటో చూడు, పొద్దున్నే చల్లగా ఉండగా బయల్దేరు.

అక్కడ దిగాక అసలు పని అక్కది. కొత్త కోళ్ళని పాత వాటిలో కలపకుండా కనీసం మూడు వారాలు విడిగా, వీలైతే గాలి ఇటు నుంచి అటు కొట్టని మూల, వేరే గిన్నె, వేరే చీపురు. మేత ముందు పాత కోళ్ళకి వేసి ఆ తర్వాత కొత్త వాటికి, వెనక్కి రావడం కాళ్ళు చేతులు కడుక్కున్నాకే. బాతులు కూడా ఉంటే ఇంకా జాగ్రత్త, బర్డ్ ఫ్లూ తగిలినా చాలాసార్లు బాతుకి ఏమీ కానట్టే ఉంటుంది, పక్కనున్న కోళ్ళు పోయాకే తెలుస్తుంది. సంతకో, కోళ్ళ ప్రదర్శనకో తీసుకెళ్ళి అమ్ముడుపోక వెనక్కి తెచ్చినవాటికీ ఇదే మూడు వారాలు, అవి మీ ఇంటి కోళ్ళే అయినా సరే, వందమంది కోళ్ళ మధ్య నిలబడి వచ్చాయి కదా.

ప్రశ్న: డాక్టర్ గారూ, పోయిన వారం నేను కొన్న కోళ్ళ లోడు దిగేసరికి 12 చచ్చి ఉన్నాయి, మర్నాడు ఇంకో 30. ఎవరికైనా చెప్తే ఫారం మూసేస్తారని భయమేసి గొయ్యి తీసి పూడ్చేశాం. చెప్పకపోవడం తప్పా? పేరు వేయకండి.

జవాబు: పేరు వేయలేదు, ఎక్కడి ఉత్తరమో కూడా చెప్పను. ఇది చదివేసరికి ఎలాగూ కొన్ని రోజులు గడిచి ఉంటాయి, అందుకే నీకు విడిగా ఉత్తరం రాసేశాను, మిగతా వాళ్ళ కోసం ఇక్కడ చెప్తున్నా.

దిగేసరికి చచ్చినవి వేడికి, ఊపిరాడక పోయి ఉండొచ్చు, క్రేట్లు మధ్య వరసలోవే చచ్చి ఉంటే అది ఎక్కువగా వేడే. కానీ మర్నాడు ఇంకా ఎక్కువ చచ్చాయంటే అది వేడి లెక్క కాదు, వేడి చావులు బండి దిగాక తగ్గుతాయి, పెరగవు. జుట్టూ తమ్మెలూ నీలంగా మారాయా, ముఖం వాచిందా, కాళ్ళ మీద ఎర్ర మచ్చలు ఉన్నాయా, మెడ తిప్పుకుంటున్నాయా, గుడ్లు ఒక్కసారిగా ఆగిపోయాయా, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఫోన్ చేయాల్సింది కోళ్ళు అమ్మినాయనకి కాదు, పశువైద్యాధికారికి. చెప్పాలి, బర్డ్ ఫ్లూ, కొక్కెర తెగులు తప్పనిసరిగా చెప్పాల్సిన రోగాల లిస్టులో ఉన్నాయి. చెప్పిన రైతుకి నష్టపరిహారం ఇచ్చే చోట్ల కూడా లెక్క బతికున్న కోళ్ళ మీద కట్టేవే ఎక్కువ, దాచి, చచ్చిపోయి, పూడ్చేశాక వాటికి చూపించడానికి ఏమీ మిగలదు.

అధికారి వచ్చేదాకా ఏం చేయాలంటే: ఆ షెడ్డులోకి ఒక్క మనిషే వెళ్ళాలి, మిగతా షెడ్లకి ఆ మనిషి వెళ్ళకూడదు. గుడ్లు, పెంట, మేత సంచులు, ఏదీ గేటు దాటకూడదు. ఆ లోడు తెచ్చిన బండి నంబరు, డ్రైవర్ ఫోను, వచ్చిన టైము ఒక కాగితం మీద రాసిపెట్టు, ఆ బండి నీ తర్వాత ఇంకెక్కడికి వెళ్ళిందో ముందుగా కనుక్కోవాల్సింది అదే. చచ్చిన కోడిని కోసి చూడకు, ఉత్త చేత్తో ముట్టుకోకు, మాస్కూ గ్లౌజులూ వేసుకుని మందపాటి కవర్‌లో పెట్టి మూతి కట్టి, నీడలో కుక్కలకీ కాకులకీ అందకుండా ఉంచు. వాళ్ళు గొంతులోంచీ, వెనక నుంచీ దూదిపుల్లతో శాంపిల్ తీసి ఐస్ పెట్టెలో ల్యాబ్‌కి పంపిస్తారు, చచ్చినవాటితో పాటు జబ్బుగా ఉన్నవి కూడా కొన్ని ఉంటే శాంపిల్ బాగా వస్తుంది, అందుకని వాటిని చంపెయ్యకు. ఇంట్లో ఎవరికైనా ఆ తర్వాత పది రోజుల్లో జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళి కోళ్ళ సంగతి కూడా చెప్పండి, వాళ్ళంతట వాళ్ళు అడగరు.